ఆరేళ్ళు దించని స్టెప్నీ

ధన్. కొంచెం ఆగి, ధన్. ఇంకొంచెం ఆగి, మూడోది.

వీధి ఇంకా పూర్తిగా కళ్ళు తెరవని వేళ, కిటికీ అద్దాల మీద చెమ్మ ఆరని వేళ, రోజూ ఆ మూడు దెబ్బలు వినపడేవి. లోతుగా, గుండ్రంగా, నిండు బిందెని వేలి కణుపుతో కొట్టినట్టు. మొదటి దెబ్బకి ఎదురింటి నర్సు డ్యూటీకి లేచేది. రెండో దెబ్బకి గోడ మీద పిల్లి ఒళ్ళు విరుచుకునేది. మూడో దెబ్బకి మేడ మీద అద్దెకున్న లెక్కల మాస్టారు దుప్పటి తలదాకా లాక్కుని, "స్టెప్నీ బాబాయి స్టెప్నీ భద్రంగా ఉంది. ఇక ఈ లోకానికి ఢోకా లేదు" అని గొణుక్కునేవాడు.

ఆ తర్వాత మనిషి కనపడేవాడు. ముందు తెల్ల పికప్ వెనక చక్రాల నడుమ నుంచి రెండు రబ్బరు చెప్పులు. తర్వాత మోకాళ్ళు. తర్వాత పొట్ట. అది అంత తేలిగ్గా వచ్చేది కాదు. బండికీ నేలకీ మధ్య కాసేపు ఇరుక్కుని, ఆయన ఊపిరి మొత్తం వదిలేస్తే గానీ జారేది కాదు. చివరికి చేతిలో వీల్ స్పానరుతో, ఒక చెంప మీద మట్టితో, పరీక్ష బాగా రాసి బయటికొచ్చిన పిల్లాడి ముఖంతో బాబాయి లేచి నిలబడేవాడు.

కారులో అయితే అదనపు చక్రం డిక్కీలో పడుకుంటుంది. పికప్‌కి ఆ భాగ్యం లేదు. సామాను మోసే తొట్టి అడుగున, ఆకాశం చూడకుండా, ఒక సన్నటి ఇనప తాడుకి వేలాడుతూ ఉంటుంది. వెనక బంపరు మీద చిన్న కన్నం. అందులో పొడుగాటి రాడ్డు దూర్చి తిప్పితే తాడు వదులై చక్రం నేల మీదకి దిగుతుంది. రెండో వైపు తిప్పితే మళ్ళీ పైకెళ్ళి తొట్టికి కరుచుకుంటుంది. బురదా, దుమ్మూ, వాననీళ్ళూ, దారి మీద ఉన్నవన్నీ దాని ముఖానే. మిగతా నాలుగూ లోకం చుట్టివస్తాయి, ఇది వాటి వెంట పడుకునే ప్రయాణం చేస్తుంది.

"అచ్చం నాలాగే" అనేవాడు బాబాయి. "ఇంట్లో నా స్థానం కూడా అదే. ఉండాలి. కానీ అవసరం రాకూడదు."

ఆయన పని కోడిపిల్లల్ని మోయడం. ఊరి చివర, గుడ్లని యంత్రాల్లో పొదిగించే హ్యాచరీ ఒకటుంది. అక్కడ తెల్లవారేసరికి పుట్టిన పిల్లల్ని మధ్యాహ్నం లోపల కోళ్ళ షెడ్లకి చేర్చాలి. కన్నాలున్న అట్టపెట్టెలు, పెట్టెకి వంద పిల్లలు. మేతా నీళ్ళూ ఒక రోజు లేకపోయినా అవి తట్టుకుంటాయి, గుడ్డులోని పచ్చసొన ఇంకా పొట్టలో ఉంటుంది కాబట్టి. తట్టుకోలేనిది ఉక్క. బండి కదిలినంతసేపూ తొట్టి పక్కల్లోంచి గాలి ఈదుతూ పోతుంది. బండి ఆగిందా, వెయ్యి చిన్న ఒళ్ళ వేడి ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. అందుకే బాబాయి ఎనిమిదేళ్ళుగా దారిలో ఎక్కడా ఆగి టీ కూడా తాగలేదు. వెనకనుంచి సన్నటి వానలా వినపడే ఆ కిచకిచల్ని ఆయన రేడియో అనేవాడు. అది మోగుతున్నంతసేపూ అంతా బాగున్నట్టే.

ఆయనకి స్టెప్నీ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. ఒక దొంగ నేర్పాడు.

"దొంగ అంత గొప్పవాడేం కాదు. గొప్పంతా నాది" అనేవాడు. "ఎప్పుడు ఊడబీక్కుపోయాడో నాకు తెలీదు. మూడు వారాలు, స్టెప్నీ లేని బండి మీద, స్టెప్నీ ఉందన్న ధైర్యంతో తిరిగాను. నా జీవితంలో అంత నిబ్బరంగా బండి నడిపింది లేదు."

పోయిన సంగతి కనిపెట్టింది పిన్ని. వీధికి ఆయన బాబాయి కాబట్టి ఆయన భార్య పిన్ని. కుట్టు కేంద్రంలో పని. సన్నటి మనిషి, మాట అంతకన్నా సన్నం, సూదిలా తగలాల్సిన చోటే గుచ్చుకుంటుంది. ఒక ఆదివారం బండి కడుగుతుంటే బకెట్ పట్టుకుని వంగి చూసి, "ఏవండీ, ఇక్కడేదో గుండ్రంగా ఉండేది కదా" అంది.

కొత్త స్టెప్నీతో పాటు గొలుసు కొన్నాడు బాబాయి. పడవల్ని ఒడ్డుకి కట్టేసే గొలుసు. దాన్ని చక్రం కన్నాల్లోంచి దూర్చి, బండి అడుగు చట్రం చుట్టూ రెండు చుట్లు తిప్పాలన్నది ఆయన ఆలోచన. ఆ పైన తాళం, గోదాము తలుపుకి వేసేది, నొక్కితే దానంతటదే పడే రకం. రంపానికి తెగదనీ, సమ్మెటకి పగలదనీ అమ్మినాయన ఒట్టేసి చెప్పాడు. తాళానికి రెండు చెవులు. ఒకటి పిన్ని చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని బొత్తాల డబ్బాలో పడేసింది. ఆ డబ్బా రోజూ ఆమె సంచిలో కుట్టు కేంద్రానికి వెళ్ళి వచ్చేది.

"రెండోది బండి తాళాలతో పాటే ఉంచుకోండి" అంది.

"ఆ గుత్తి ఎవడైనా లాక్కుంటే?"

"బండి పోతుంది."

"దాంతో పాటు స్టెప్నీ కూడా పోతుంది కదా."

పిన్ని సూదిలోకి దారం ఎక్కిస్తున్నదల్లా ఆగింది. "బండి మొత్తం ఎత్తుకుపోయినవాడు, మళ్ళీ ఆగి, కిందకి దూరి, తాళం తీసి స్టెప్నీ విడిగా పట్టుకుపోతాడంటారా?"

"దొంగ బుద్ధి నీకు తెలీదు."

"మీకు బాగా తెలుసు" అంది, దారం ఎక్కించేసి.

మూడు రోజులు ఆలోచించాడు బాబాయి. సీటు కింద పెడితే వెతుకుతారు. జేబులో పెడితే చొక్కాతో పాటు ఉతుకుతారు. నాలుగో రోజు బుర్రలో దీపం వెలిగింది. స్టెప్నీ ఇంకా నేల మీదే ఉంది. దాని రేకు నడుమ, తొట్టి వైపుకి తిరిగి ఉండే గుంటలో, చెవిని ప్లాస్టిక్ కవరులో చుట్టి, టేపు వేసి అంటించాడు. స్టెప్నీ చెవి స్టెప్నీ దగ్గరే ఉంటే పోగొట్టుకోవడం ఎలా కుదురుతుంది? రాడ్డు తిప్పి చక్రాన్ని పైకెక్కించాడు. గొలుసు చుట్టాడు. తాళం నొక్కాడు. అది టక్కున పడింది. చేతులు దులుపుకుని ఈల వేసుకుంటూ లోపలికెళ్ళి కడుపునిండా తిన్నాడు.

ఆ ఈలలో దాక్కున్న తప్పు ఆరేళ్ళు ఎవరికీ వినపడలేదు. ఆయనకి అసలే వినపడలేదు.

ఆ ఆరేళ్ళూ స్టెప్నీకి జరిగిన సేవ బండిలో ఇంకే భాగానికీ జరగలేదు. రోజూ మూడు దెబ్బలు, గాలి ఉందో లేదో చెవితో చూడటానికి. వారానికోసారి తడిగుడ్డ. ఏడాదికోసారి గొలుసుకి వెండి రంగు. రంగు మిగిలితే తాళానికి కూడా. ఒక్క దించడం తప్ప అన్నీ చేశాడు. దించితే మళ్ళీ ఎక్కించాలి, గొలుసు మళ్ళీ చుట్టాలి, పొట్ట మళ్ళీ ఒప్పుకోవాలి. "అంత బాగున్నదాన్ని కదపడం ఎందుకు?" అనేవాడు.

ఆ రోజు బండిలో ఇరవై పెట్టెలు. రెండువేల పిల్లలు. బ్యాంకులో ఉద్యోగం మానేసి కోళ్ళ షెడ్డు వేసుకున్న ఒక అమ్మాయికి, ఆమె మొదటి పిల్లలు. తెల్లవారకముందే షెడ్డులో దీపాలు వేసి వెచ్చగా చేసి కూర్చుంది. ఎండ అప్పటికే రోడ్డు మీద నీళ్ళలా మెరుస్తోంది. ఊరికీ ఊరికీ మధ్య పొడుగాటి దారి, పక్కన ఒక సిమెంటు బస్ షెల్టరు తప్ప ఏమీ లేదు. అక్కడ వెనక ఎడమ టైరు పోయింది. పేలలేదు. ఒక పెద్ద నిట్టూర్పు విడిచి కూర్చుండిపోయింది. దిగి చూస్తే టైరు పక్క భాగం జానెడు చిరిగి ఉంది, రోడ్డు అంచున పొడుచుకొచ్చిన ఇనప రేకు కోసేసింది. అతుక్కి లొంగే గాయం కాదు.

నిజం చెప్పాలంటే బాబాయి భయపడలేదు. సంతోషించాడు. ఆరేళ్ళ జాగ్రత్తకి ఇవాళ్టికి పని పడింది. జాకీ తీశాడు, చాప పరిచాడు, కిందకి దూరాడు. మిలమిల మెరుస్తున్న తాళాన్ని ప్రేమగా పట్టుకున్నాడు. రెండో చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళింది.

జేబులో చెయ్యి ఆగిపోయింది.

గుర్తొచ్చాక కూడా ఒక నిమిషం నమ్మలేదు. మెడ తిప్పి చూస్తే తొట్టికీ చక్రానికీ మధ్య రెండు వేళ్ళ సందు. ఆ సందులో, గుంట లోపల, ప్లాస్టిక్ కవరు అంచు తెల్లగా కనపడుతోంది. వేళ్ళు దూర్చాడు. గోళ్ళకి టేపు తగులుతోంది, చేతికి అందడం లేదు. స్టెప్నీ దిగితే చెవి వస్తుంది. చెవి ఉంటే స్టెప్నీ దిగుతుంది. ఇంత పకడ్బందీగా తన్ను తాను కట్టేసుకున్నవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు ఉండడని ఆయనకి ఆ చాప మీదే అర్థమైంది.

అప్పుడు చెయ్యవలసింది ఒక్కటే, పిన్నికి ఫోను. కుట్టు కేంద్రం గంట దూరం. కానీ ఆ ఫోనులో ఏం చెప్పాలో మనసులో రెండుసార్లు చెప్పి చూసుకున్నాడు, రెండుసార్లూ నోరు రాలేదు. బయటికొచ్చి గుండ్రాయి ఒకటి వెతికి, మళ్ళీ దూరి, తాళాన్ని కొట్టడం మొదలుపెట్టాడు. ఆవిడకి చెప్పడం కంటే రాయితో కొట్టడం తేలికనిపించింది. యాభై దెబ్బలు కొట్టాడు. అమ్మినాయన నిజాయితీపరుడని తేలింది. దారినపోయే చిన్న లారీ ఒకటి ఆపి స్టెప్నీ అడిగాడు, దాని చక్రానికి ఆరు బోల్టులు, తన బండికి అయిదు. ఇంకో రాయి తెచ్చాడు.

ఇరవై నిమిషాలు అలా గడిచాయి. రేడియో మొదట్లో గోలగోలగా మోగింది. తర్వాత మెల్లగా తగ్గింది. పిల్లలు సర్దుకున్నాయనుకుని బాబాయి ఇంకా గట్టిగా కొట్టాడు.

"నాయనా" అని పైనుంచి ఎవరో పిలిచారు. పక్కకి తిరిగితే రెండు ముసలి పాదాలు, ఒక నల్ల గొడుగు మొన. బస్సు కోసం షెల్టరులో కూర్చున్న పెద్దావిడ. "ఇందాక తెగ అరిచాయి నీ బండిలో. ఇప్పుడు అరవట్లేదేంటి?"

బాబాయి చేతిలో రాయి జారిపోయింది. ఆ పొట్ట బండి కిందనుంచి అంత వేగంగా బయటికి రావడం అదే మొదలు, అదే చివర. తొట్టి వెనక తలుపు లాగాడు. వేడి ముఖాన కొట్టింది. పై పెట్టె మూత తీస్తే పిల్లలు రెక్కలు ఎడంగా పెట్టి, ముక్కులు తెరిచి, శబ్దం లేకుండా రొప్పుతున్నాయి. పసుపు రంగు ఎక్కడ చూసినా చిన్నగా ఎగసిపడుతోంది.

ఒక్కొక్క పెట్టె దించి షెల్టరులోకి మోశాడు. పెట్టెకీ పెట్టెకీ మధ్య మూరెడు ఎడం ఉంచి, మూతలు తీసి పరిచాడు. పెద్దావిడ చెప్పకుండానే గొడుగు ఎండ వైపు అడ్డం పెట్టి, ఒక అట్టమూత తీసుకుని విసరడం మొదలుపెట్టింది. నడుమ వరసలో అన్నిటికన్నా అడుగున ఉన్న పెట్టె ఆఖరున వచ్చింది. దాన్ని దించినప్పుడు బాబాయి లోపలికి సరిగ్గా చూడలేదు. చూడటానికి ధైర్యం చాలలేదు.

అప్పుడు చేశాడు ఫోను. అవతల కుట్టుమిషన్లు తుమ్మెదల్లా మోగుతున్నాయి.

"ఒక చిన్న సాయం కావాలి" అన్నాడు.

"ఎక్కడున్నారు?" అంది పిన్ని.

"దారిలో. టైరు పోయింది."

"స్టెప్నీ లేదా?"

"ఉంది. చాలా గట్టిగా ఉంది."

"మీ దగ్గరున్న చెవి ఏమైంది?"

బాబాయి బండి దగ్గరికెళ్ళి వంగి అడుగుకి చూశాడు.

"ఏవండీ, మిమ్మల్నే."

"పోలేదు" అన్నాడు. "భద్రంగానే ఉంది. ఇక్కణ్ణుంచి కనపడుతోంది కూడా."

"కనపడితే తియ్యండి."

"స్టెప్నీ దించితే గానీ రాదు."

అవతల మిషన్లు కాసేపు మోగాయి. ఆమె ఆ వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టుంది. తిప్పడం అయ్యాక నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"తాళం తీసి ఎన్నాళ్ళయింది?"

"ఆరేళ్ళు."

"రంగు కూడా వేశారు దానికి."

"రెండుసార్లు."

"పిల్లలెట్లా ఉన్నాయి?"

"దించాను. నీడలో పెట్టాను. కొంచెం ఆలస్యంగా దించాను."

"ఏ స్టాపు దగ్గరో చెప్పండి. వస్తున్నా."

గంట పైనే పట్టింది. బస్సు ఒకటి వచ్చి ఆగింది. పెద్దావిడ కండక్టరు వైపు అట్టమూత ఊపి, పొమ్మంది.

"అది మీ బస్సు కాదామ్మా?" అన్నాడు బాబాయి, రెండు చేతులతో విసురుతూ.

"నాదే. తర్వాతిది కూడా నాదే" అంది ఆవిడ. "ఇంతకీ ఆ తాళం ఎందుకేశావు నాయనా అంత గట్టిగా?"

"దొంగలు ఎత్తుకుపోకుండా."

"పోనీలే, ఎత్తుకుపోలేదు కదా."

మధ్యలో షెడ్డు అమ్మాయి ఫోను. "అన్నా, ఎక్కడి దాకా వచ్చారు?"

"దారిలోనే ఉన్నానమ్మా" అన్నాడు. అంతకన్నా నిజమైన మాట ఆయన ఆ రోజు ఇంకొకటి అనలేదు. కానీ ఫోను పెట్టేయబోయి ఆగాడు. "టైరు పోయింది. నా తెలివితక్కువ వల్ల ఆగిపోయాను. పిల్లలు ఎండదెబ్బ తిన్నాయి. నీళ్ళు సిద్ధంగా ఉంచు, దీపాలు సగం ఆర్పెయ్" అన్నాడు.

షెల్టరులో కిచకిచ మళ్ళీ ఒక్కో చుక్కగా మొదలైంది. ఒక మూల, తర్వాత ఇంకో మూల. ఆ చినుకులు వానగా మారేలోపు రెండో బస్సు ఆగింది. పిన్ని దిగింది. చేతిలో బొత్తాల డబ్బా, సంచిలో మిషన్లకి వేసే నూనె సీసా, పొడుగు ముక్కుది. మొగుడి ముఖం వైపు కూడా చూడకుండా ముందు షెల్టరులోకి వెళ్ళి పెట్టెలన్నీ ఒకసారి చూసింది. ఒక పెట్టె దగ్గర కాస్త ఎక్కువసేపు వంగింది. లేచి, కొంగు బిగించి బండి కిందకి దూరింది. ఆమెకి అక్కడ కూర్చుని కుట్టుకునేంత చోటుంది.

"కన్నం ఎక్కడండీ దీనికి?"

"మధ్యలో."

"రంగు మధ్యలోనా?"

దబ్బనంతో రంగు పెచ్చులు గీకింది. నూనె నాలుగు చుక్కలు వేసి, వందదాకా లెక్కపెట్టి, చెవి పెట్టి అటూ ఇటూ మెల్లగా కదిపింది. బలవంతం చెయ్యలేదు. మొండికేసిన మిషన్ని బతిమాలినట్టు బతిమాలింది. తాళం ఊడింది. గొలుసు బరువుగా నేల మీదకి జారింది. బాబాయి గర్వంగా రాడ్డు దూర్చి తిప్పాడు. కదల్లేదు. ఆరేళ్ళ వానలు ఇనప తాడుని దాని చుట్టలకే అతికించేశాయి.

ఆయన ముఖం చూసి పెద్దావిడ, "ఇంకో తాళమా నాయనా?" అంది.

"ఇది నేను వేసింది కాదు" అన్నాడు బాబాయి దీనంగా.

"మీరు వేసిందే" అంది పిన్ని కిందనుంచి. "జాకీ ఇటివ్వండి."

చక్రం కింద జాకీ పెట్టి పైకి కాస్త ఎత్తించింది. తాడు మీది బరువు తగ్గింది. చుట్టల్లోకి నూనె వదిలి, రాడ్డు అంగుళం ముందుకీ అంగుళం వెనక్కీ తిప్పమంది. అంగుళం రెండంగుళాలైంది. పది నిమిషాలకి ఒక పొడుగాటి కీచుతో తాడు వదిలింది. జాకీ దించుతుంటే స్టెప్నీ ఆరేళ్ళ తర్వాత నేలని తాకింది.

పై వైపు మొదటిసారి వెలుగులోకొచ్చింది. కింద వైపు అద్దంలా తుడిచి ఉంది. పైన ఎండిన బురద వేలెడు మందం, అందులో ఒక గడ్డిపోచ కూడా మొలిచి ఎండిపోయింది. దాని పక్కనే, టేపు కింద, చెవి. పిన్ని దాన్ని ఊడబెరికి, కవరు విప్పి, తుప్పు మచ్చ లేని ఆ చెవిని ఎండలో ఒకసారి తిప్పి చూసింది. బొత్తాల డబ్బాలో వేసి మూత పెట్టింది. ఆ మూత చప్పుడు కంటే తిట్టే నయమని బాబాయికి అనిపించింది.

బొటనవేలితో టైరు నొక్కాడు. వేలు దిగింది. స్టెప్నీలో గాలి మిగతా వాటికన్నా కాస్త ఎక్కువే ఉండాలి, ఊరికే ఉన్నా గాలి మెల్లగా పోతుంది కాబట్టి. ఇందులో సగానికి సగం లేదు. స్పానరుతో కొట్టి చూశాడు. ధన్. రోజూ వినే శబ్దమే. అప్పుడు తెలిసింది. ఇవాళ్టి శబ్దాన్ని ఆయన ఎప్పుడూ నిన్నటి శబ్దంతోనే పోల్చాడు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏముంటుంది? రెండువేల ఉదయాలు, ఒక్కోటి వెంట్రుకవాసి మెత్తబడుతూ వచ్చాయి. అద్దంలో తన ముఖం కూడా అలాగే కదా ముసలిదైంది.

సీటు వెనక కొన్న రోజు కవరులోనే ఉన్న కాలి పంపు తీశాడు. ఆయన వంద తొక్కాడు, పిన్ని వంద తొక్కింది, మళ్ళీ ఆయన వంద తొక్కాడు. పెద్దావిడ పక్కన నిలబడి లెక్కపెట్టింది, మధ్యలో ఆయన ఆగినప్పుడల్లా వెనక్కి వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టింది. మూడువందలకి చక్రం నిలబడింది. బిగించి, పెట్టెలెక్కించి, రెండు బస్సులు వదులుకున్న పెద్దావిడని ముందు సీట్లో మధ్యన కూర్చోబెట్టుకుని బయల్దేరారు. గాలి మళ్ళీ తొట్టిలో ఈదింది. రేడియో మోగింది. ముగ్గురూ అది వింటూ కూర్చున్నారు.

షెడ్డు దగ్గర అమ్మాయి ఒక్కో పెట్టె నేల మీద వొంచుతుంటే పసుపు రంగు ఊక మీద ఒలికి, లేచి, నీళ్ళ దగ్గరికి పరిగెత్తింది. పంతొమ్మిది పెట్టెలు పరిగెత్తాయి. ఇరవయ్యో పెట్టెలో, ఒక మూల, ఏడు లేవలేదు. నడుమ వరసలో అడుగు పెట్టె. ఆఖరున దించింది.

"రెండువేలలో ఏడంటే ఏమీ కాదన్నా" అంది అమ్మాయి. ఆయన కళ్ళు చూసి అంది. హ్యాచరీ మేనేజరు కూడా అదే అన్నాడు. దారిలో ఆమాత్రం మామూలేనట. కాగితంలో దానికొక గడి ఉందట, ఇరవై దాకా ఎవరూ కారణం అడగరట.

ఎవరూ అడగకపోవడమే బాబాయికి మింగుడు పడలేదు. రాయితో తాళాన్ని కొట్టిన ఇరవై నిమిషాలకి ఏ గడీ లేదు. షెడ్డు వెనక చిన్న గుంట తవ్వి వాటిని పూడ్చాడు. పిన్ని పక్కనే నిలబడింది. చేతులు కడుక్కుంటుంటే మాత్రం అంది: "తాళం సంగతి సరేనండీ. నేను నవ్వుతానని కదా వెంటనే ఫోను చెయ్యలేదు?"

బాబాయి తల ఊపాడు.

"నవ్వేదాన్నే" అంది. "నవ్వుకుంటూనే వచ్చేదాన్ని."

ఇప్పుడు ఆ వీధిలో పొద్దున్నే మూడు దెబ్బలు వినపడవు. నెలకోసారి, మొదటి ఆదివారం, కిర్రు కిర్రుమని రాడ్డు తిరుగుతుంది. స్టెప్నీ నేల మీదకి దిగుతుంది. బాబాయి రెండు వైపులా కడుగుతాడు, తాడుకి నూనె పెడతాడు, ముల్లుండే గేజితో గాలి చూస్తాడు, చెవితో కాదు. గొలుసుకి ఇప్పుడు చిన్న తాళం, దానికి రంగు లేదు. ఒక చెవి బండి గుత్తిలో, ఇంకొకటి బొత్తాల డబ్బాలో. చక్రం మళ్ళీ పైకెళ్ళేటప్పుడు మేడ మీద మాస్టారు కిటికీలోంచి, "బాబాయ్, చెవి బయటే ఉందా?" అని అరుస్తాడు. బాబాయి చెయ్యెత్తి చూపిస్తాడు.

ఈ కథ ఆయనే అందరికీ చెబుతాడు, అడిగినా అడగకపోయినా. చెప్పినప్పుడల్లా తాళం పెద్దదవుతుంది. యాభై రాతి దెబ్బలు అయిదువందలయ్యాయి. బండి కింద పొట్ట గంటసేపు ఇరుక్కుంటుంది, పెద్దావిడ గొడుగుతో పొడిచి బయటికి తీస్తుంది. వినేవాళ్ళు పడీపడీ నవ్వుతారు, అందరికన్నా ఎక్కువ ఆయన నవ్వుతాడు. పిన్ని దూరంగా బొత్తాలు కుట్టుకుంటూ, అబద్ధం పెరిగినచోట దారం ఒకసారి లాగి బిగిస్తుంది.

ఇదంతా రాసుకోవడానికి వచ్చిన మనిషి పుస్తకం మూసి లేచేసరికి, బాబాయి గుమ్మం దాకా వచ్చాడు. చెప్పులేసుకునేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"నవ్వులకి ఏం కావాలంటే అది కలుపుకోండి. నా పొట్ట ఇంకో రెండంగుళాలు పెంచినా ఏమనుకోను. ఆ ఏడు మాత్రం ఏడనే రాయండి. ఒక్కటి కూడా తగ్గించకండి."